చైనా గావోకావో ఇంగ్లిష్ రీడింగ్: రోజూ పేపర్లు చేస్తున్నా మార్కులు కదలట్లేదు, ఎలా చేయించాలి?

సుజాత_సుజౌ:
అందరికీ నమస్తే. మాది భీమవరం, పెళ్ళయ్యాక చైనాలో సుజౌలో ఉంటున్నాను, మా ఆయనది ఈ ఊరే. మా బావగారి అమ్మాయి ఇప్పుడు హైస్కూల్ మూడో ఏడు, వచ్చే జూన్‌లో గావోకావో, అంటే ఇక్కడి యూనివర్సిటీ ఎంట్రన్స్ పరీక్ష, రాస్తుంది. ఇంట్లో ఇంగ్లిష్ బాగా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఆ సబ్జెక్ట్ నాకు అప్పజెప్పారు, నాకూ ఇష్టమే, పిల్ల బంగారం లాంటిది, చెప్పిన మాట వింటుంది.

ఈ పరీక్ష సంగతి తెలియనివాళ్ళకి కొంచెం చెప్తాను. మొత్తం 750 మార్కులు, అందులో ఇంగ్లిష్‌కే 150, అంటే లెక్కలకెంతో దీనికీ అంతే. జూన్ 8 మధ్యాహ్నం 3 నుంచి 5 దాకా రెండు గంటలు. మా జియాంగ్సు ప్రావిన్స్ వాళ్ళు రాసేది జాతీయ పేపర్లలో ఒకటో పేపర్, 2024 దాకా దాన్ని కొత్త ఒకటో పేపర్ అనేవాళ్ళు. లిజనింగ్ 30, రీడింగ్ 50, ఖాళీలు పూరించడం గ్రామర్ కలిపి 30, రైటింగ్ 40. రీడింగ్ 50లో ఎ, బి, సి, డి అని నాలుగు పాసేజ్‌లు, వాటి మీద 15 ప్రశ్నలు, ఒక్కోటి రెండున్నర. ఆ తర్వాత ఐదు ఖాళీలకి ఏడు వాక్యాలిచ్చి సరైనవి పెట్టమనేది ఒకటి, అదింకో పన్నెండున్నర.

మా అమ్మాయికి ఎ, బి పాసేజ్‌లలో ఒక్కటీ పోదు. సి, డిలలో కలిపి మూడో నాలుగో పోతాయి, ప్రతిసారీ అంతే. అంటే అక్కడే పది మార్కులు. స్కూల్లో రాత్రి పది దాకా స్టడీ అవర్స్, ఇంటికొచ్చాక కూడా ఒక సెట్ చేసి పడుకుంటుంది, ఇలా ఎన్ని నెలలనుంచో చేస్తోంది, మార్కు మాత్రం అక్కడే ఉంది. పదాలు రావా అంటే వస్తాయి, నేను అడిగి చూశాను. ఎందుకు ఈ ఆప్షన్ పెట్టావు అంటే "ఇదే కరెక్ట్ అనిపించింది" అంటుంది. స్కూల్లో సార్‌ని అడిగితే ఇంకా చెయ్యమన్నారు. ఇంకెన్ని చేస్తుంది చెప్పండి?

వుహాన్_ఓరుగల్లు:
సుజాతక్కా నమస్తే. నేను వుహాన్‌ల ఎంబీబీఎస్ చదివిన, మా బ్యాచ్‌ల మన తెలుగోళ్ళు చానామంది ఉండె. చైనా క్లాస్‌మేట్స్‌తోని నేను ఇంగ్లిష్ మాట్లాడుడు, వాళ్ళు నాకు చైనీస్ నేర్పుడు, గిట్ల రెండేండ్లు నడిచింది. వాళ్ళందరు గావోకావో రాసొచ్చినోళ్ళే, రీడింగ్ గురించి అడిగితే మస్తు చెప్పిండ్రు.

వాళ్ళ పద్ధతి ఏందంటే ముందుగాల ప్రశ్న చదువుతరు, అండ్ల ముఖ్యమైన మాట కింద గీత కొడ్తరు, పేరో సంవత్సరమో ఏదన్న ఉంటే దాన్ని పాసేజ్‌ల వెతుకుతరు, ఆ లైన్ దొరికినంక ఆప్షన్లతోని పోల్చి చూస్తరు. తప్పు ఆప్షన్లకు వాళ్ళ దగ్గర పేర్లే ఉన్నయ్ అక్కా. పాసేజ్‌ల లేనిది పుట్టించుడు ఒకటి, ఒకని గురించి చెప్పిన మాటను ఇంకొకనికి అంటగట్టుడు ఒకటి, "కొంతమంది" అని ఉంటే "అందరు" అని రాసుడు ఒకటి, చిన్న ముచ్చటను మొత్తం పాసేజ్ సారాంశం అన్నట్టు చూపెట్టుడు ఇంకొకటి. మా రూమ్‌కు పక్క రూమ్ పిలగాడు తప్పు పోయిన ప్రతి ప్రశ్న పక్కన ఇది ఏ రకం మోసమో ఎర్ర పెన్నుతోని రాసుకునేటోడట. తప్పుల కోసం వేరే నోట్‌బుక్ పెట్టుడు అక్కడ అందరికి అలవాటే గదా.

ఇంగ్లిష్_మాస్టారు_తెనాలి:
సుజాత గారూ, నేను జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్తాను. చైనా పరీక్ష నాకు తెలియదుగానీ మీరు రాసినదాంట్లో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. "కరెక్ట్ అనిపించింది" అందన్నారు చూడండి, మొత్తం రోగం అక్కడే ఉంది. ఎ, బిలలో అనిపించడం సరిపోతుంది ఎందుకంటే అక్కడ ఉన్నది ఉన్నట్టు అడుగుతారు. సి, డిలకి వచ్చేసరికి తప్పు ఆప్షన్ కూడా సరిగ్గానే అనిపించేలా రాస్తారు, అదే పేపర్ సెట్ చేసేవాళ్ళ పని. కాబట్టి అనిపించడం అనేదాన్ని మాన్పించి చూపించడం అలవాటు చెయ్యాలి. ఏ లైన్లో ఉంది, వేలు పెట్టి చూపించు. అంతే.

నేనే ఒకటి కల్పించి చెప్తాను. పాసేజ్‌లో "చెట్ల మధ్య నడిచినవాళ్ళలో చాలామంది ఆ రాత్రి బాగా నిద్రపోయామని చెప్పారు" అని ఉందనుకోండి. ఆప్షన్ ఎ: నడక నిద్రలేమిని నయం చేస్తుంది. బి: నడిచిన వాళ్ళందరికీ నిద్ర పట్టింది. సి: చెట్లు గాలిని శుభ్రం చేస్తాయి కాబట్టి నిద్ర వస్తుంది. డి: అలాంటి నడకకీ మంచి నిద్రకీ సంబంధం ఉండొచ్చు. తెలివైన పిల్లలు సి పెడతారు. ఎందుకంటే చెట్లు గాలిని శుభ్రం చేస్తాయని వాళ్ళకి సైన్స్‌లో తెలుసు, అది నిజం కూడా, కానీ ఆ పాసేజ్ ఆ మాట అనలేదు. డి చూస్తే చప్పగా ఉంటుంది, ఆన్సర్ మాత్రం అదే. లోకంలో ఏది నిజం అన్నది మనకి అనవసరం, ఈ కాగితం ఏం చెప్పిందన్నదే కావాలి.

మీ అమ్మాయి చేత పాత సెట్ ఒకటి మళ్ళీ తీయించండి. గడియారం పక్కన పెట్టేసి, ప్రతి ప్రశ్నకీ సరైన ఆప్షన్ పక్కన పాసేజ్‌లో లైన్ నంబర్ రాయమనండి, మిగతా మూడు ఆప్షన్లలో ఏ మాట వల్ల అది తప్పయిందో ఆ మాట కొట్టేయమనండి. ఒక్క పాసేజ్‌కి ముప్పావుగంట పట్టినా పట్టనివ్వండి.

షెన్‌జెన్_రవి:
మాస్టారు చెప్పింది వినడానికి బాగుంది కానీ నాకు అనుమానమే. మా టీమ్‌లో అందరూ చైనా వాళ్ళే, ఒక్కొక్కరూ గుట్టలు గుట్టలు పేపర్లు చేసి వచ్చినవాళ్ళు. టైమ్ సంగతి చూడండి. 120 నిమిషాల్లో లిజనింగ్‌కే 20 పోతాయి, రైటింగ్‌లో చిన్న ఉత్తరం ఒకటి, కథ సగం ఇచ్చి మిగతాది పూర్తిచేయమనేది ఒకటి, ఆ రెండింటికీ 40 నిమిషాలు లేకపోతే కుదరదు, ఖాళీలకి గ్రామర్‌కి ఓ 20, 25 తీసేస్తే రీడింగ్ మొత్తానికి మిగిలేది 35 నిమిషాలు. ఒక పాసేజ్‌కి ఏడు నిమిషాలు కూడా గట్టిగా రావు. ముప్పావుగంట కూర్చోవడం అలవాటైన పిల్ల ఆ రోజు ఏం చేస్తుంది? స్పీడ్ రావాలంటే చెయ్యాల్సిందే, వేరే దారి లేదు.

ఇంగ్లిష్_మాస్టారు_తెనాలి:
రవి గారూ, స్పీడ్ అక్కర్లేదని నేననలేదండీ. ఒకే సెట్‌ని రెండుసార్లు వాడమంటున్నాను. మొదటిసారి గడియారం పెట్టి పరీక్షలా చెయ్యాలి, రెండోసారి మర్నాడు తీరిగ్గా. స్పీడ్ మొదటిదాంట్లో వస్తుంది, మార్కు రెండోదాంట్లో వస్తుంది. ఆ అమ్మాయి మొదటిదే నెలల తరబడి చేస్తోంది, ఆన్సర్ చూసుకుని టిక్కు పెట్టి పడుకుంటోంది. తప్పు చేసే పద్ధతినే రోజూ సాధన చేస్తున్నట్టు కదా అది.

లోహిత_జేఎన్‌యూ:
హాయ్ సుజాత గారూ, నేను ఢిల్లీలో చైనీస్ చదువుతున్నా, మాది కడప. గావోకావో ఇంగ్లిష్ పేపర్లు నాకు అదో పిచ్చి, చైనా వాళ్ళు ఇంగ్లిష్ ఎలా నేర్చుకుంటారో చూస్తే మనకి చైనీస్ ఎలా నేర్చుకోవాలో తెలుస్తుందని మొదలుపెట్టి వదల్లేకపోయా.

ముందు ఒకటి అడుగుతా, ఆ అమ్మాయి చేసే సెట్లు అసలు పరీక్షలో వచ్చిన పాత పేపర్లా లేక ఎవరో తయారుచేసిన నమూనా పేపర్లా? చాలా తేడా ఉంటుందండీ. అసలు పేపర్లో తప్పు ఆప్షన్ ఎందుకు తప్పో కచ్చితంగా చూపించవచ్చు, అంత జాగ్రత్తగా రాస్తారు. నమూనా పేపర్లు కొన్ని హడావిడిగా తయారుచేస్తారు, రెండు ఆప్షన్లు సరైనవిలా ఉంటాయి, ఆన్సర్ కీ ఏదో ఒకటి చెప్తుంది. అలాంటివి చేసీ చేసీ పిల్లలకి "ఆన్సర్ అంటే అదృష్టం" అన్న భావన పడిపోతుంది. మాస్టారు చెప్పిన లైన్ చూపించే పని అసలు పేపర్ల మీదే చేయించండి, నమూనాలు స్పీడ్ కోసం ఉంచుకోండి.

ఉదాహరణకి 2023 కొత్త ఒకటో పేపర్ చూడండి. ఎ పాసేజ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో సైకిళ్ళు అద్దెకిచ్చే షాపు ప్రకటన. చేతి బ్రేకు, మూడు గేర్లు ఉన్న సైకిల్ రెండు రోజులకి ఎంత అని ప్రశ్న. మొదటి రోజు 14.75 యూరోలు, ఆపైన ప్రతి రోజుకీ 8 యూరోలు, కాబట్టి 22.75. ఆప్షన్లలో 29.50 కూడా ఉంది, అది 14.75ని రెండుసార్లు వేసుకున్నవాళ్ళ కోసం. 15.75 కూడా ఉంది, అది పక్క వరసలో కాలి బ్రేకు సైకిల్ రేటు చూసినవాళ్ళ కోసం. చూశారా, ఒక్క తప్పు ఆప్షన్ కూడా ఊరికే పెట్టింది కాదు, ఎవరు ఎక్కడ జారతారో ముందే ఆలోచించి పెట్టినవి. ఇది ఎ పాసేజ్ కాబట్టి అంకెల్లో కనిపిస్తోంది, డిలోనూ ఇదే పని మాటలతో చేస్తారు.

సుజాత_సుజౌ:
లోహితా, భలే చెప్పావమ్మా. ఆ 2023 పేపర్ మొన్న ఆదివారమే చేసింది. బి పాసేజ్ జాన్ టాడ్ అనే ఆయన మొక్కలతో, జీవాలతో మురుగునీరు శుభ్రం చేసే పద్ధతి గురించి, అందులో మన ఫుజౌ కాలువ ప్రస్తావన కూడా ఉంది, అది ఇష్టంగా చదివింది. సి ఫోన్లూ నెట్టూ తగ్గించుకోవడం గురించిన పుస్తకం మీద. డిలో రెండు పోయాయి. గాల్టన్ అనే ఆయన 1907లో రాసిన పేపర్‌తో మొదలవుతుంది, జనం గుంపుగా వేసిన అంచనాల సగటు నిజానికి దగ్గరగా ఉంటుందన్నది. చివర్లో పరిశోధన పట్ల రచయిత అభిప్రాయం ఏంటి అనే ప్రశ్నకి "అనుమానం" అనే ఆప్షన్ పెట్టింది. ఆన్సర్ చూస్తే "సమర్థన" అని ఉంది. నాకు తెలుస్తోంది గానీ దానికి ఎలా చెప్పాలో తెలియట్లేదు.

లోహిత_జేఎన్‌యూ:
అది చాలామంది జారే చోటు. ఆ పాసేజ్ చివరి వాక్యం గుర్తుందా? నవాహాస్ అనే పరిశోధకుడు చేసిన అధ్యయనాలకి పరిమితులున్నా, ఇంకా చాలా ప్రశ్నలు మిగిలున్నా, గుంపుగా చర్చించి నిర్ణయాలు తీసుకునే విషయంలో వాటి ప్రభావం చాలా పెద్దది అని. వాక్యం మొదట్లో "పరిమితులు", "ప్రశ్నలు" అని కనబడగానే పిల్ల మనసులో అనుమానం అని పడిపోయింది. కానీ "ఉన్నా" అని చెప్పి పక్కన పెట్టేసిన మాట అది, బరువంతా వెనక భాగం మీద ఉంది. ఇంగ్లిష్‌లో రచయిత ఇలా ఒక అడుగు వెనక్కేసి రెండడుగులు ముందుకేస్తాడు, సైన్స్ వ్యాసాల్లో అయితే ప్రతిచోటా ఇదే. అభిప్రాయం అడిగినప్పుడు "అయినా", "కానీ" ఉన్న వాక్యాలన్నీ గుర్తు పెట్టుకుని, ఒక్కోదాంట్లో ఏ సగం అసలు మాటో గీత గీయమనండి.

ఆ పాసేజ్ నడకే అలా ఉంటుంది చూడండి. ముందు గుంపు అంచనా బాగుంటుందంటాడు. తర్వాత అది ఎందుకో చెప్తాడు, ఒకళ్ళ తప్పు ఇంకొకళ్ళ తప్పుని కొట్టేస్తుంది కాబట్టి, అందుకే అంచనాలు ఒకదానిమీద ఒకటి ఆధారపడకూడదంటాడు. ఆ తర్వాత నవాహాస్ కొత్త అధ్యయనం వచ్చి దాన్ని మలుపు తిప్పుతుంది, చిన్న చిన్న గుంపులుగా చర్చించుకున్న వాళ్ళ సగటు ఇంకా బాగుందని, ఐదుగురేసి ఉన్న నాలుగు గుంపుల సగటు విడివిడిగా అడిగిన ఇరవైమంది సగటు కంటే మెరుగ్గా ఉందని. చర్చలో ఏం జరిగిందని చూస్తే గట్టిగా మాట్లాడినవాడి వెనక పోవడం కాదు, ఎక్కువసార్లు వాదనలు పంచుకుని కలిసి ఆలోచించారట. పేరా పక్కన ఒక్కో వాక్యం తన మాటల్లో, చైనీస్‌లోనే రాసుకోమనండి, నాలుగు పేరాలకి నాలుగు వాక్యాలు. సారాంశం ప్రశ్నలు సగం అక్కడే తేలిపోతాయి.

మీనాక్షి_హైదరాబాద్:
నేను ఐఈఎల్‌టీఎస్ ట్రైనింగ్ ఇస్తానండి హైదరాబాద్‌లో. సుజాత గారు, మా పరీక్షలో ఒక రకం ప్రశ్న ఉంటుంది, ఒక వాక్యం ఇచ్చి ఇది నిజమా, తప్పా, లేక పాసేజ్‌లో చెప్పలేదా అని. ఆ మూడోది నేర్పించడానికే నాకు వారాలు పడుతుంది, మన పిల్లలు "చెప్పలేదు" అనడానికి ఒప్పుకోరు, తెలిసిన విషయమైతే నిజం అని పెట్టేస్తారు. మాస్టారు చెప్పిన చెట్ల ఉదాహరణ అచ్చం అదే. మీ అమ్మాయికి ప్రతి ఆప్షన్ పక్కన ఈ మూడిట్లో ఒకటి రాయమనండి, పాసేజ్ ఔనంది, పాసేజ్ కాదంది, పాసేజ్ ఏమీ అనలేదు. డి పాసేజ్‌లో తప్పు ఆప్షన్లు చాలావరకు మూడో రకమే అని తనకే తెలుస్తుంది.

అయితే ఒక్క జాగ్రత్త, ఐఈఎల్‌టీఎస్ పేపర్లు మాత్రం ప్రాక్టీస్‌కి తెచ్చివ్వకండి. మాకు మూడు పాసేజ్‌లకి 40 ప్రశ్నలు, గంట టైమ్, పాసేజ్‌లు చాలా పొడుగు. ఆ అలవాటొక్కటి తీసుకోండి చాలు.

కిరణ్_నెల్లూరు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, చైనాలో ఇంగ్లిష్ తీసేస్తున్నారని ఎప్పటినుంచో వింటున్నాం కదా? తీసేస్తే ఈ కష్టం అంతా దేనికి? ఇంకో డౌట్, అక్కడున్న మన పిల్లలు కూడా ఇది రాయాలా?

లోహిత_జేఎన్‌యూ:
కిరణ్ గారూ, ఆ మాట పదేళ్ళు దాటి నడుస్తోంది. 2013లో బీజింగ్ వాళ్ళు ఒక ముసాయిదా తెచ్చారు, 2016 నుంచి ఇంగ్లిష్‌ని 150 నుంచి 100కి తగ్గిస్తామని. అది అమలు కాలేదు, ఇప్పటికీ 150కే ఉంది. ఏటా ఎవరో ఒకరు తగ్గించమని అంటూనే ఉంటారు, తగ్గించమనేవాళ్ళ బాధలోనూ అర్థం ఉంది, ఊళ్ళలో చదివే పిల్లలకి మంచి ఇంగ్లిష్ టీచర్ దొరకడం కష్టం. ఇంగ్లిష్ వద్దనుకుంటే జపనీస్, రష్యన్, జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్ కూడా రాయొచ్చు, చాలామంది జపనీస్‌కి మారుతున్నారు. విదేశీ పాస్‌పోర్ట్ ఉన్న పిల్లలకి మామూలుగా యూనివర్సిటీల్లో వేరే అడ్మిషన్ దారి ఉంటుంది.

ఈ రీడింగ్ మార్కులు అక్కడ ఎంత సున్నితమో చెప్పడానికి ఒకటి. 2018 నవంబర్‌లో జెజియాంగ్ ప్రావిన్స్‌లో ఇంగ్లిష్ పరీక్ష కష్టంగా వచ్చిందని రీడింగ్, రైటింగ్‌లో కొన్ని ప్రశ్నలకి మార్కులు సర్దుబాటు చేశారు. తల్లిదండ్రులు ఊరుకోలేదు, ప్రభుత్వం విచారణ చేసి ఆ సర్దుబాటు రద్దు చేసి పాత మార్కులే ఇచ్చింది. 2024లో ఈ పరీక్షకి పేరిచ్చుకున్నది కోటీ 34 లక్షల పైన పిల్లలు. అంతమందిలో ఒక్క ప్రశ్న తేడా అంటే ఎంతమంది వెనక్కి పడతారో ఆలోచించండి.

వుహాన్_ఓరుగల్లు:
పదాల గురించి ఒక్కటి చెప్త అక్కా. మీ పిల్లకు పదాలు వస్తయ్ అన్నరు గదా, అక్కడ 3500 పదాల లిస్ట్ అని అందరు బట్టీ కొడ్తరు, పొద్దుగాల స్కూల్‌ల గట్టిగ చదువుతరు. కాని సి, డిలల తెలిసిన మాటనే తెలవని అర్థంల వస్తది. "అడ్రస్" అంటే ఇంటి అడ్రస్ అని వాళ్ళకు తెలుసు, పాసేజ్‌ల సమస్యను అడ్రస్ చేసిండ్రు అని వస్తే ఆగమైతరు. "ఛాంపియన్" అంటే గెలిచినోడు అనుకుంటరు, ఒక ఆలోచనకు మద్దతుగ నిలబడుడు అని కూడ ఉంటది. నా దోస్త్‌లు వీటికి వేరే లిస్ట్ పెట్టుకున్నరు. పిల్ల రావు అని చెప్పదు, ఎందుకంటే తనకు వచ్చు అనే అనుకుంటది. అందుకని ఒట్టిగ పదం అడగొద్దు, వాక్యంల పెట్టి అడగుండ్రి.

షెన్‌జెన్_రవి:
ఇది మంచి పాయింట్. నేను మా టీమ్‌లో ఒకమ్మాయిని అడిగా, తను హునాన్‌లో రాసింది, మాస్టారు చెప్పిన రెండుసార్ల పద్ధతే వాళ్ళ టీచర్ కూడా చేయించారట. సరే, స్పీడ్ కోసం మొదటిసారి గడియారం ఉంటుంది కాబట్టి నేను ఒప్పుకుంటున్నా. కానీ సుజాత గారూ, కాగితాలు మోసుకు తిరిగే బదులు ఫోన్‌లో యాప్స్ ఉన్నాయి, తప్పులు అదే దాచిపెడుతుంది, బస్‌లో కూడా చేసుకోవచ్చు.

లోహిత_జేఎన్‌యూ:
రవి గారూ, పదాలకి యాప్ సరే, పాసేజ్‌లకి మాత్రం వద్దంటాను. తమాషా ఏంటంటే 2024 కొత్త ఒకటో పేపర్లో సి పాసేజ్ సరిగ్గా దీని మీదే వచ్చింది, కాగితం మీద చదివితే బాగా అర్థమవుతుందా, స్క్రీన్ మీదా అని. కొన్ని వందల పదాలు దాటిన పాఠమైతే కాగితం మీదే మేలని, స్క్రీన్ ముందు కూర్చుంటే మనసు సోషల్ మీడియా చూసే తీరులోకి వెళ్ళిపోయి తక్కువ శ్రమ పెడుతుందని అందులో ఉంది. అదీగాక పరీక్ష కాగితం మీదే, గీతలు గీయాలి, బాణాలు వేయాలి, పక్కన రాసుకోవాలి. చేతికి అలవాటవ్వాలి.

కిరణ్_నెల్లూరు:
మా తమ్ముడు వాళ్ళ ఆఫీసులో చైనా అతను చెప్పాడట, ఏమీ తెలియకపోతే మూడు ఆప్షన్లు పొడుగ్గా ఒకటి పొట్టిగా ఉంటే పొట్టిది, మూడు పొట్టిగా ఒకటి పొడుగ్గా ఉంటే పొడుగుది పెట్టెయ్యమని. అది పనిచేస్తుందా?

ఇంగ్లిష్_మాస్టారు_తెనాలి:
పనిచెయ్యదు బాబూ. చైనాలో ఆ సామెత పేపర్ సెట్ చేసేవాళ్ళకి తెలియకుండా ఉంటుందా? ఇలాంటివి పిల్లల చెవిన పడనీయకూడదు. నాకు వీటి మీద కోపం ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ మా ఇంటర్ పిల్లలతో ఇదే చూస్తుంటా, గైడ్‌లో ఉన్న ఆన్సర్లు బట్టీ పట్టి గట్టెక్కేస్తారు, ఎంట్రన్స్‌లో ఎలాగూ ఇంగ్లిష్ లేదు కాబట్టి ఎప్పుడూ చూడని పాసేజ్ ఇచ్చి చదవమంటే రెండో వాక్యం దగ్గరే ఆగిపోతారు. అక్కడ పదిహేడేళ్ళ పిల్ల గాల్టన్ మీద వ్యాసం చదివి రచయిత మొగ్గు ఎటో చెప్పాలి. అది నిజమైన చదువు, ఆ అవకాశాన్ని చిట్కాలతో పాడుచేయకూడదు.

సుజాత_సుజౌ:
మాస్టారూ, మీ మాట మా అమ్మాయికి చైనీస్‌లో చదివి వినిపించాను, నవ్వింది, క్లాసులో అందరికీ ఆ సామెత వచ్చట.

నాలుగు రోజులుగా మీరు చెప్పినట్టే చేయిస్తున్నాను, కొత్త సెట్లు ఆపేసి పాతవే తీస్తున్నాం, రోజుకి ఒక్క పాసేజ్. మొదటి రోజు విసుక్కుంది. లైన్ చూపించమంటే చూపించలేక, కాసేపటికి "ఇది నేను ఊహించుకున్నాను, ఇక్కడ లేదు" అని తనే అంది. నాకు అదే పెద్ద సంతోషం. మీనాక్షి గారు చెప్పిన మూడు రకాల గుర్తులు కూడా పెడుతోంది, మీరన్నది నిజం, తను పెట్టిన తప్పు ఆప్షన్లు ఎక్కువ "పాసేజ్ ఏమీ అనలేదు" రకమే.

రెండు అడగాలి. ప్రశ్నలు ముందు చదవాలా పాసేజ్ ముందు చదవాలా? వాళ్ళ స్కూల్లో ప్రశ్నలే ముందంటారు, డిలో అలా చేస్తే ముక్కలు ముక్కలుగా వెతుకుతూ మొత్తం ఏం చెప్పాడో తప్పిపోతోంది. రెండోది, ఆ ఏడు వాక్యాల్లో ఐదు పెట్టేది, ఒకటి తప్పితే దాంతో పాటు ఇంకోటి కూడా పోతుంది, ఒకేసారి ఐదు మార్కులు.

లోహిత_జేఎన్‌యూ:
మొదటిదానికి నా అభిప్రాయం, ఎ పాసేజ్‌కి ప్రశ్నలే ముందు, అది ప్రకటనో టైమ్ టేబులో, మొత్తం చదవడం దండగ. సి, డిలకి ప్రశ్నల వరకే ఒక చూపు చూడాలి, ఆప్షన్లు చదవకూడదు. నాలుగింట్లో మూడు అబద్ధాలు కదా, అవి ముందే బుర్రలో పడితే పాసేజ్‌లో వాటినే వెతుక్కుంటాం. తర్వాత పాసేజ్ మొదటినుంచి చివరిదాకా ఒకే ఊపులో చదవాలి, ఆ తర్వాత ఒక్కో ప్రశ్నకి వెనక్కెళ్ళాలి. ప్రశ్నల వరస మామూలుగా పాసేజ్ వరసలోనే ఉంటుంది, కాబట్టి రెండో ప్రశ్నకి ఆన్సర్ మొదటిదాని కింద వెతకాలి. టైటిల్, సారాంశం, అభిప్రాయం అడిగేవి అన్నిటికన్నా చివర.

పేర్లు చూసి భయపడొద్దని కూడా చెప్పండి. 2022 పేపర్ డి పాసేజ్ "ఫ", "వ" లాంటి శబ్దాలు మనుషుల భాషల్లోకి ఎలా వచ్చాయన్నది. వ్యవసాయం వచ్చి మెత్తటి తిండి తినడం మొదలయ్యాక దవడల అమరిక మారి, పై పళ్ళు కింది పెదవికి తగిలించి పలికే శబ్దాలు తేలికయ్యాయని. అందులో పరిశోధకుల పేర్లు, యూనివర్సిటీ పేరు, పళ్ళ వర్ణన చూసి పిల్లలు బెదిరిపోతారు. పేరు అంటే ఒక అక్షరం రాసుకుని ముందుకెళ్ళడమే. నిజానికి చెప్పిన సంగతి ఎంత బాగుంది, అది పరీక్ష అని మర్చిపోయి చదివా నేను.

మీనాక్షి_హైదరాబాద్:
ఏడులో ఐదు గురించి నేను చెప్తాను. ఖాళీకి ముందు వాక్యం, వెనక వాక్యం ఈ రెండూ చదవకుండా ఆప్షన్ ముట్టుకోకూడదు. ఒక ఉదాహరణ, "మొదటి వారం మొక్కకి రోజూ నీళ్ళు పోయకండి" అని ఉంది, తర్వాత ఖాళీ, ఆ తర్వాత "వేళ్ళు గట్టిపడ్డాక మాత్రం భయం లేదు" అని ఉందనుకోండి. ఆప్షన్లలో "అలా చేస్తే అవి కుళ్ళిపోవచ్చు" అని ఒకటి, "మొక్కలు గదికి అందాన్నిస్తాయి" అని ఒకటి. రెండోది మొక్కల గురించే గానీ ఇక్కడ అతకదు. మొదటిదాంట్లో "అలా" అనేది వెనక్కి పట్టుకుంది, "అవి" అనేది ముందుకు పట్టుకుంది. ఇలాంటి మాటలు, అది, వీళ్ళు, కానీ, అందుకే, ఇంకొకటి, ఇవన్నీ ఏడు ఆప్షన్లలోనూ ముందే చుట్టేసుకోవాలి. పేరా మొదట్లో ఖాళీ ఉంటే ఆ పేరా మొత్తం చదివాకే పెట్టాలి. బాగా నమ్మకం ఉన్నవి ముందు పెట్టి, కష్టమైనది చివరికి ఉంచుకుంటే ఒక తప్పు రెండో తప్పుని లాగదు. ఆఖర్న మిగిలిన రెండు ఆప్షన్లు ప్రతి ఖాళీలో ఒకసారి పెట్టి చదివి చూడాలి, ఎక్కడైనా అతుక్కుంటే అక్కడ ఏదో తేడా ఉందన్నమాట.

షెన్‌జెన్_రవి:
ఆన్సర్ షీట్ సంగతి ఎవరూ చెప్పలేదు. 2బి పెన్సిల్‌తో గళ్ళు నింపేది, మెషిన్ చదువుతుంది. కొంతమంది పిల్లలు అన్నీ అయ్యాక ఒకేసారి నింపుతారు, ఒక గడి జారితే అన్నీ జారతాయి. ఒక్కో పాసేజ్ అవగానే నింపేసే అలవాటు ఇంట్లోనే చేయించండి, ఆ పెన్సిలే వాడించండి.

ఇంకోటి, పరీక్ష మధ్యాహ్నం మూడింటికి. మీ పిల్ల రీడింగ్ చేసేది రాత్రి పదిన్నరకి, రోజంతా స్కూల్లో నలిగి వచ్చాక. ఆ టైమ్‌లో పోయిన మార్కులు ఇంగ్లిష్ రాక పోయినవా నిద్ర వల్ల పోయినవా చెప్పలేం.

వుహాన్_ఓరుగల్లు:
రవన్న చెప్పింది కరెక్ట్ అక్కా, రాత్రిపూట డి పాసేజ్ పెట్టకుండ్రి. రాత్రి పదాలు, లేకపోతే తప్పుల నోట్‌బుక్ తిరగేసుడు, గదే చాలు. పొద్దున లేవంగనే ఒక పాసేజ్ రెండోసారి చూసుకుంటే మంచిగుంటది.

సుజాత_సుజౌ:
నిజమే, ఆ కోణం ఇంట్లో ఎవరం చూడలేదు. ఆదివారం మధ్యాహ్నం స్కూల్ లేదు, మూడింటికి పూర్తి పేపర్ పెడతాను, లిజనింగ్‌తో సహా, పెన్సిల్‌తో. రాత్రిళ్ళు కొత్త సెట్ మానేయమని వాళ్ళమ్మకి కూడా చెప్పాలి, ఆవిడకి పిల్ల పేపర్ చేస్తూ కనబడకపోతే కంగారు. లోహితా, నీ దగ్గర 2022, 2024 పేపర్లు ఉంటే పంపిస్తావా, 2024 సి పాసేజ్ ముందు మా తోడికోడలికే వినిపిస్తాను. ఈ ఆదివారం 2022తో మొదలుపెడతాం, డి పాసేజ్‌లో ఏమేం గుర్తులు పెట్టిందో ఫోటో తీసి ఇక్కడే పెడతాను, మాస్టారూ మీరు ఒకసారి చూడాలి.

ఇంగ్లిష్_మాస్టారు_తెనాలి:
తప్పకుండా చూస్తానమ్మా. మార్కు ఎంతొచ్చిందో అక్కర్లేదు, ఆ లైన్ నంబర్లు కనిపించేట్టు తీసి పెట్టండి.